నోట్లో మేకులున్నప్పుడు అన్న ఊఁ

ఆయన్ని అందరూ మేకులాయన అనేవాళ్ళు. సోఫాల పని చేసేవాడు. కుంగిపోయిన కుర్చీలూ చిరిగిన సోఫాలూ విప్పి, లోపల పట్టీలు మార్చి, కొత్త స్పాంజి వేసి, పైన బట్ట బిగించి ఇచ్చేవాడు. బట్ట బిగించేటప్పుడు ఒక చెయ్యి దాన్ని లాగి పట్టుకోవాలి, రెండో చెయ్యి సుత్తి పట్టుకోవాలి. మరి మేకుల్ని ఎవరు పట్టుకుంటారు? నోరు పట్టుకుంటుంది. గుప్పెడు బుల్లి మేకులు బుగ్గలో వేసుకుని, నాలుకతో ఒక్కోదాన్నీ పళ్ళ మధ్యకి తోసేవాడు. సుత్తికి ఒక పక్క అయస్కాంతం ఉంటుంది, అది మేకుని అందుకునేది. టక్కుమని ఒక్క దెబ్బ. మళ్ళీ ఇంకో మేకు. చూసేవాళ్ళకి నోట్లోంచి మేకులు పుట్టుకొస్తున్నట్టు ఉండేది.

అసలే ఆయన నోట్లో నాలుక లేని మనిషి. పైగా ఈ మేకులొకటి. "ఇన్ని మేకులు పెట్టుకుంటే నాలుకకి చోటెక్కడుంటుందిలే" అనేది భార్య. ఆమె వెనక గదిలో మిషను మీద సోఫా కవర్లు కుట్టేది.

ఆ ఇంట్లో మాటలన్నీ కూతురివే. పదిహేనేళ్ళ పిల్ల. నోట్లో నువ్వుగింజ నానదు. వాళ్ళమ్మ వాగుడుకాయ అని పిలిచేది. బడి నుంచి రాగానే షాపు ముందు స్టూలేసుకుని కూర్చునేది. వచ్చినవాళ్ళతో బేరం ఆ పిల్లే ఆడేది. ఒకసారి ఒకాయన, పక్క వీధిలో ఇంతకంటే తక్కువకే చేస్తారన్నాడు. "చేస్తారండీ. ఆర్నెల్లకి మళ్ళీ మా దగ్గరికే తెస్తారు. అప్పుడు అది విప్పిన కూలి కూడా మాకే ఇవ్వాలి, చూసుకోండి మరి" అంది. ఆయన నవ్వేసి సోఫా దింపాడు. లోపల సుత్తి కొడుతూ తండ్రి కళ్ళతో నవ్వేవాడు. నోరు తెరిస్తే మేకులు రాలతాయి కదా.

ఆ పిల్లకి ఇంకో తెలివి కూడా ఉండేది. తండ్రిని ఏదైనా అడగాలంటే ఆయన నోటినిండా మేకులున్నప్పుడే అడిగేది. స్నేహితురాలింట్లో పడుకుంటాను, సరేనా నాన్నా? ఊఁ. జుట్టు కత్తిరించుకుంటాను, సరేనా? ఊఁ. ఆయన ఆలోచించేలోపే పిల్ల మాయం. తర్వాత తల్లి గొడవ పెట్టేది. ఆయన మేకులు డబ్బామూతలోకి ఉమ్మి, "ఊఁ అన్నాను కదే, ఇంకేం చేస్తాం" అనేవాడు. అన్నాక వెనక్కి తీసుకున్న రోజు లేదు. చివరికి తల్లి ఇంట్లో ఒక రూలు పెట్టింది. నోట్లో మేకులున్నప్పుడు అన్న ఊఁ చెల్లదు. ఏ పని ఉన్నా మేకులు ఉమ్మించి అడగాలి. ఆ రూలుని తల్లీ కూతుళ్ళు ఒప్పుకున్నారు గానీ ఆయన మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

తర్వాత ఆ పిల్ల ముందు పన్ను విరిగింది, అదీ ఆయన పనిలోంచే వచ్చింది.

సోఫా అడుగున పట్టీలు గట్టిగా లాగి కొట్టాలి. లాగడానికి ఒక చెక్క పనిముట్టు ఉంది. అది ఉన్నా ఆయన అలవాటుకొద్దీ పట్టీ కొసని పళ్ళతో కరిచి, మెడ వెనక్కి వంచి లాగేవాడు. చేతులు రెండూ ఖాళీగా ఉంటాయని. ఆయన ముందు పళ్ళు అరిగి, అంచులో గాట్లు పడి, పాత దువ్వెనలా ఉండేవి. చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల చూసింది అదే. ఒక రోజు ఆయన బండిలోంచి సోఫా దింపడానికి బయటికి వెళ్ళాడు. ఈ లోపు నాన్నకి సాయం చేద్దామని పిల్ల పట్టీని పళ్ళతో పట్టి, తల వెనక్కి విసిరి లాగింది. పాత చెక్క. పట్టీ అవతలి చివర మేకుతో సహా ఊడొచ్చి మూతి మీద కొట్టింది. ఆయన వచ్చేసరికి పిల్ల కింద కూర్చుని అరచేతిలోకి చూసుకుంటోంది. పై వరసలో ముందు పన్ను, సగం అరచేతిలో ఉంది.

ఆ రోజు నుంచి వాగుడుకాయ నోరు మూతపడింది. మాట్లాడాలంటే ఎడమ చెయ్యి నోటికి అడ్డం వచ్చేది. తర్వాత మాట్లాడటమే మానేసింది. బళ్ళో పాఠం చదవమంటే తలొంచుకుని నిలబడుతోందని పంతులమ్మ కబురు పెట్టింది. షాపు ముందు స్టూలు ఖాళీ. "ఏదండీ మీ అమ్మాయి?" అని అడిగేవాళ్ళకి ఆయన లోపలికి చెయ్యి చూపించేవాడు. బేరం ఆయనే ఆడాల్సొచ్చేది. ఆడటం అంటే ఏముంది, వాళ్ళు ఎంతంటే అంత.

ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ పీకాలంటే ఇవాళే పీకుతామన్నారు. నిలబెట్టాలంటే మాత్రం చాలామంది వరసలో ఉన్నారు, మీ వంతు వచ్చేసరికి ఆ పన్ను ఉండదని ఉన్నమాట చెప్పారు. అప్పటికే చిగుళ్ళు వాచాయి. రాత్రిళ్ళు పిల్ల దిండు కొరుక్కుంటోంది. పదిహేనేళ్ళకి ముందు పన్ను పీకించి ఆడపిల్లని వీధిలోకి పంపుతానా అని తల్లి ఒప్పుకోలేదు. అలా వాళ్ళు ప్రైవేటు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

ఆ డాక్టరు మంచి మాటకారి. కాగితం మీద పన్ను బొమ్మ వేసి, లోపల నరం ఇలా ఉంటుంది, దాన్ని శుభ్రం చేసి మూసేస్తాం, దీన్నే రూట్ కెనాల్ అంటారు, పన్ను బతుకుతుంది అని చెప్పాడు. ఆ తర్వాత ఖర్చు చెప్పాడు. తల్లి ఒళ్ళో ఉన్న సంచీని రెండు చేతులా నొక్కి పట్టుకుంది. మిషనుకి మోటారు పెట్టించుకోవాలని ఆమె దాచుకున్నదంతా తెచ్చినా సగానికి రాదు.  మేకులాయన కళ్ళు మాత్రం కుర్చీల మీద తిరుగుతున్నాయి. వరసగా ఉన్న కుర్చీలన్నిటికీ రెగ్జిన్ పగిలింది. ఒకదానికి స్పాంజి బయటికొచ్చింది. పేషెంటుని పడుకోబెట్టే పెద్ద కుర్చీకి తల ఆనే చోట టేపు అంటించారు.

"డాక్టరుగారూ, మీ కుర్చీలు పాడైపోయాయండి" అన్నాడు.

ఆ రోజు మొత్తం ఆయన మాట్లాడింది అంతే. మిగిలింది తల్లి అందుకుంది. మా ఆయన పనే అదండి, బట్టా మాదే, కూలీ మాదే, మీ కుర్చీలన్నీ కొత్తవి చేసిపెడతాం, మా పిల్ల పన్ను బాగుచెయ్యండి అంది. డాక్టరు కాసేపు ఆలోచించాడు. ఆ కుర్చీల సంగతి ఎప్పటినుంచో చూడాలనుకుంటున్నాను, సరే కానివ్వండన్నాడు. పిల్ల నోటి మీద చెయ్యి పెట్టుకునే ఉంది గానీ, ఆ చెయ్యి వెనక నవ్విందని తల్లి తర్వాత చెప్పింది.

డాక్టరుకి సెలవున్న రోజుల్లో ఆయన వెళ్ళి పని చేసేవాడు. మామూలు రోజుల్లో పిల్ల వెళ్ళి పన్ను చూపించుకునేది. వెళ్ళొచ్చిన సాయంత్రం చల్లటి గుడ్డ దవడకి పెట్టుకుని పడుకునేది. నొప్పిగా ఉందా అంటే తలూపేది, తగ్గిందా అన్నా తలూపేది.

ఇలా సాగుతుండగా ఒక సెలవు రోజు ఆయన పెద్ద కుర్చీ పని మీద ఉన్నాడు. తల ఆనే దిండుకి మూలలు తిప్పుతున్నాడు. మూల తిప్పడం అంటే ఆ పనిలో ప్రాణం లాంటిది. రెగ్జిన్ని చిన్న చిన్న మడతలు పెట్టి, అన్నీ ఒక్కసారే బొటనవేలి కింద అదిమి పట్టి మేకు కొట్టాలి. వేలు వదిలితే మడతలన్నీ విచ్చుకుంటాయి, మళ్ళీ మొదటికొస్తుంది. ఆయన వేలు మడతల మీద ఉంది, నోటినిండా మేకులున్నాయి. అప్పుడు డాక్టరు ఏవో కాగితాల కోసం లోపలికొచ్చాడు. గుమ్మంలో నిలబడి, "మేస్త్రీ, ఒక మాట. పన్ను లోపలి పనంతా నాది. పైన వేసే క్యాపు మాత్రం నేను బయట చేయిస్తాను, వాళ్ళు డబ్బులు తీసుకోకుండా ఇవ్వరు. అదొక్కటీ మీరు పెట్టుకోవాలి. సరేనా?" అన్నాడు.

"ఊఁ" అన్నాడు మేకులాయన.

ఆయనకి వినపడింది. అర్థం కూడా అయింది. క్యాపు అంటే ఎంతవుతుందని అడగాలి, అది మేం అనుకున్న మాటలో లేదు కదండీ అనాలి. ఈ మూల ఒక్కటి అవనీ, మేకులు ఉమ్మేసి అడుగుదాం అనుకున్నాడు. మూల అయ్యేసరికి బయట కారు వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది.

ఇంటికెళ్ళి చెప్పలేదు. డాక్టరుని ముందు ఒక్కసారి అడిగి, అప్పుడు చెబుదాం అనుకున్నాడు. అడగడానికని పిల్లతో కలిసి వెళ్ళాడు. డాక్టరు ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని పిల్ల మీదికి వంగి ఉన్నాడు. అలాంటప్పుడు డబ్బు మాటేం ఎత్తుతాం? ఇంకోసారి గదినిండా జనం. మరోసారి డాక్టరే ఆయన కుట్టిన కుర్చీ మీద చెయ్యి వేసి, చాలా బాగా వచ్చింది మేస్త్రీ అన్నాడు. ఆ మెచ్చుకోలు చెవిలో ఉండగా బేరం మాట ఎలా వస్తుంది? ఆయనకది గొంతులో వెలక్కాయ పడ్డట్టు అయింది. మింగనూ లేడు, కక్కనూ లేడు. రాత్రి భోజనాల దగ్గర భార్య, ఇంకెంత, దగ్గరికొచ్చేసింది, పిల్ల మళ్ళీ నవ్వుతుంది అంటుంటే ఆయన కంచంలోకి చూసేవాడు.

కుర్చీల పని అయిపోయిన రోజు ఆయన ఎవరూ అడగని పని ఒకటి చేశాడు. డాక్టరు కూర్చుని పళ్ళు చూసే చక్రాల స్టూలు ఒకటుంది. దాన్ని చెయ్యాలని ఎవరూ అనుకోలేదు. ఆయన దాన్ని కూడా విప్పి, మంచి స్పాంజి వేసి, మిగతా అన్నిటికంటే శ్రద్ధగా అంచు కుట్టి పెట్టాడు. దాని మీద కూర్చున్నప్పుడల్లా ఆ క్యాపు సంగతి డాక్టరు మరిచిపోతాడేమోనని ఆశ. నోటితో అడగలేనిది స్టూలుతో అడిగాడన్నమాట. ఇంటికి నడుస్తుంటే ఆయనకే సిగ్గేసింది.

చివరి రోజు వచ్చింది. తండ్రీ కూతుళ్ళిద్దరే వెళ్ళారు. పిల్ల పెద్ద కుర్చీలో వెనక్కి వాలి పడుకుంది, తల ఆయన తిప్పిన మూలల మధ్య ఆనింది. డాక్టరు చూసి, లోపలి పని బాగా కుదిరింది, ఇక క్యాపుకి అచ్చు తీసుకుందాం, డబ్బు ఇవాళ కడతారా, అచ్చు పంపేటప్పుడు కడతారా అని ఆయన్ని అడిగాడు.

పిల్ల తల తిప్పి తండ్రిని చూసింది.

"మనం ఆ రోజు అనుకున్నాం కదా మేస్త్రీ, క్యాపు మీదని. మీరు ఊఁ అన్నారు."

"అన్నానండి" అన్నాడు ఆయన.

అప్పుడు పిల్ల లేచి కూర్చుంది. కుర్చీ చేతుల్ని రెండు చేతులతో పట్టుకుంది, నోటికి అడ్డం ఏమీ లేదు. అంత దగ్గరగా, అంత వెలుతురులో, ఆ సగం పన్ను కనిపిస్తూ ఉంది. "డాక్టరుగారూ, అప్పుడు మా నాన్న నోట్లో మేకులున్నాయా?" అంది.

ఉన్నాయనుకుంటానన్నాడు డాక్టరు.

"అయితే అది చెల్లదండి. మా ఇంట్లో నోట్లో మేకులున్నప్పుడు అన్న ఊఁ చెల్లదు. మా అమ్మ పెట్టిన రూలు."

డాక్టరు నవ్వాడు. "మీ ఇంటి రూలు నాకెలా తెలుస్తుందమ్మా?"

"అందుకే ఇప్పుడు చెప్తున్నా. ఇంకోటి కూడా ఉంది. మీరు కూర్చున్న స్టూలు మనం అనుకున్నదాంట్లో లేదు. అది మా నాన్న ఊరికే చేశాడు. ఇలాంటి అంచు కుట్టు ఎక్కడా కుట్టరు, చూసుకోండి."

డాక్టరు తన కిందికి తను చూసుకున్నాడు. మేకులాయనకి భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. కానీ ఒక పక్క గుండె ఎగిరింది కూడా. ఇన్నాళ్ళకి ఆ గొంతు విన్నాడు. షాపు ముందు స్టూలు మీద కూర్చుని మాట్లాడే గొంతు అదే, ఏ మాత్రం తగ్గలేదు.

డాక్టరు చెడ్డవాడేం కాదు. ముఖానికున్న గుడ్డ కిందికి లాగి, ఆయన వైపు తిరిగి, మెల్లగా అడిగాడు. "మేస్త్రీ, మీరు చెప్పండి. పనిలో పడి మీకు నా మాట అర్థం కాలేదంటే అది నా తప్పు. గుమ్మంలో నిలబడి చెప్పాల్సిన మాట కాదది. అప్పుడు క్యాపు సంగతి నేనే చూసుకుంటాను. చెప్పండి, మీకు ఆ రోజు అర్థం కాలేదా?"

ఒక్క మాట చాలు. కాలేదండి అంటే చాలు. పిల్ల కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి, అను నాన్నా, అను, అని. ఆయన నోట్లో మేకుల్లేవు. వేలు కింద ఏ మడతా లేదు. తొందర చేసేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"అర్థమైందండి" అన్నాడు. "అడుగుదామనుకున్నాను. అడగలేకపోయాను."

పిల్ల ఎడమ చెయ్యి లేచి మళ్ళీ నోటి మీదికి వెళ్ళింది.

డాక్టరు తను కూర్చున్న స్టూలు అంచు తడిమాడు. తర్వాత స్టూలుకి ఎంతవుతుందో అడిగి, ఆ లెక్క క్యాపులో తగ్గిస్తానన్నాడు. మిగిలింది మాత్రం తన చేతుల్లో లేదన్నాడు. ప్రస్తుతానికి పన్ను రంగు సిమెంటుతో విరిగినంత మేర కట్టిపెడతాను, జాగ్రత్తగా వాడుకుంటే నిలబడుతుంది, దాంతో దేన్నీ కొరకొద్దు, దారం కూడా తెంపొద్దు, క్యాపు లేకపోతే ఎప్పటికైనా అది విరుగుతుంది, డబ్బు చూసుకుని రండి, పన్ను విరక్కముందే రండి అన్నాడు. ఆ మధ్యాహ్నమే కట్టిపెట్టాడు. కట్టిన ముక్క మిగతా పళ్ళకంటే పిసరంత తెల్లగా ఉంది.

దారిపొడుగునా పిల్ల రోడ్డుకి ఆ పక్కనే నడిచింది.  ఆయనకి ఆ నడక చాలా దూరం అనిపించింది. అబద్ధం ఒక్కటి, ఎవరికీ నష్టం లేని అబద్ధం, పిల్ల కోసం ఆడలేకపోయాడు. ఏ తండ్రైనా ఆడతాడు. మరి ఆయన నోరు ఎందుకు తిరగలేదో ఆయనకే తెలీదు. అడగాల్సిన రోజున అడగలేదు, ఇప్పుడు అర్థం కాలేదంటే ఆ తప్పు తీసుకెళ్ళి ఇంకొకడి నెత్తిన రుద్దినట్టే కదా అనుకున్నాడు. ఈ మాట పిల్లకి చెప్పాలనుకున్నాడు. వీధి మలుపు వచ్చేసింది, చెప్పలేదు.

భార్యకి మాత్రం ఆ సాయంత్రమే చెప్పాడు, మొదటి నుంచి చివరి దాకా. ఆమె మిషను ఆపింది. "అడిగితే గానీ అమ్మైనా పెట్టదయ్యా, డాక్టరు పెడతాడా? ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకుని కూర్చున్నావే" అంది. మోటారు కోసం దాచింది అలాగే ఉంచుదాం, దానికి ఇంకొంత కలిపితే క్యాపుకి అవుతుందంది. చేత్తో తిప్పే మిషను చేత్తోనే తిరుగుతుంది. మళ్ళీ మిషను తిప్పడం మొదలుపెట్టింది. ఆమె తిట్టి ఉంటే ఆయనకి కొంచెం తేలికయ్యేది.

మర్నాడు పొద్దున ఆయన షాపు తెరిచి, మేకులు డబ్బామూతలో పోసి, పక్కన పెట్టుకున్నాడు. గుప్పెట్లోకి తీసుకుని నోటి దాకా పెట్టి, మళ్ళీ మూతలో పోసేశాడు. పట్టీ లాగే చెక్కని దుమ్ము దులిపి బయటికి తీశాడు. ఆ రోజు పని నత్తనడక నడిచింది. బట్ట లాగి, మోకాలితో అదిమి, వంగి మూతలోంచి మేకు ఏరుకుని, సుత్తికి అంటించి కొట్టాలి. ఈలోపు బట్ట జారేది. ఇన్నేళ్ళ చెయ్యి, నిన్న పనిలో చేరినవాడి చెయ్యిలా తడబడింది. అయినా నోట్లో పెట్టుకోలేదు. తర్వాత రోజుల్లోనూ పెట్టుకోలేదు. వచ్చినవాళ్ళు పలకరిస్తే పలకాల్సొచ్చేది, ధర అడిగితే చెప్పాల్సొచ్చేది. ఒకాయన సగానికి అడిగితే, కుదరదండి, పట్టీలకే అంతవుతుంది అన్నాడు. ఆ మాట తనే అన్నాడా అని కాసేపు సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

ఒక సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చి, సంచీ పెట్టేసి, షాపులో ఆయన వెనక నిలబడింది. ఆయన సోఫా మీదికి వంగి మూల తిప్పుతున్నాడు, వేలు మడతల మీద ఉంది.

"నాన్నా, ఆ రోజు అర్థం కాలేదని ఎందుకు చెప్పలేదు?"

పాత రోజుల్లో అయితే ఊఁ అనో, భుజం కదిపో ఊరుకునేవాడు. "అర్థమైంది కాబట్టి తల్లీ" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. కాసేపాగి, "నేను ఆ రోజే అడగాల్సింది. నువ్వైతే అడిగేదానివి" అన్నాడు.

ఆయన రెండో చేత్తో మూతలోంచి ఒక మేకు ఏరుకున్నాడు.  

"క్యాపు వేయిస్తావా?"

"ఊఁ."

"నోరు చూపించు."

ఆయన మడతల మీంచి వేలు తీసేశాడు. పెట్టిన మడతలన్నీ విచ్చుకున్నాయి. వెనక్కి తిరిగి, కూతురి ముఖంలోకి చూస్తూ నోరు పెద్దగా తెరిచాడు. లోపల ఒక్క మేకు లేదు. అరిగిపోయి, గాట్లు పడిన పళ్ళే ఉన్నాయి.

పిల్ల వంగి, డాక్టరు చూసినట్టు చూసింది. "సరే" అంది. అని, గోడవార పడి ఉన్న స్టూలు తీసుకుని షాపు ముందుకి వెళ్ళి వేసుకుంది. ఆయన మళ్ళీ మూల మొదటి నుంచి మొదలుపెట్టాడు.